గ్రాఫైట్‌ను చల్లార్చడానికి మాదాపూర్ వెళ్లాను

హైదరాబాదు వెళ్లొచ్చానని తెలిసి మా వీధిలో అందరూ చార్మినార్ గురించే అడిగారు. చార్మినార్ చూడలేదు. ట్యాంక్‌బండ్ కూడా చూడలేదు. నేను చూసింది ఊరికి పడమటివైపు రాళ్ల గుట్టలు, వాటి మధ్య కిందటేడాది తెరిచిన ఓ అద్దాల భవనం, ఓ అద్దె ఇంటి మేడ మీద ఏసీ గది, నీళ్లు లేని ఓ చెరువు. అటువైపు వెళ్లే పని పడనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాకు పడింది.

ఆ పనేమిటో ముందే చెప్పేస్తాను. విదేశంలో ఒక ప్రయోగశాల ఉంది. అక్కడ ప్రోటాన్లనే రేణువులను విపరీతమైన వేగంతో, దారంలాంటి సన్నటి ధారగా పంపి, వరసగా పేర్చిన గ్రాఫైట్ పలకలను కొడతారు. పెన్సిల్లో ఉండే గ్రాఫైటే. ఆ దెబ్బకు కొత్త రేణువులు పుడతాయి. ప్రయోగం చేసే పెద్దలకు అవి కావాలి. అవి వెళ్లిపోయాక పలకల్లో వేడి మిగులుతుంది. అది ఎవరికీ అక్కర్లేదు. అనంతపురంలోని మా ఫిజిక్స్ డిపార్ట్‌మెంటు వాటాకు అదే వచ్చింది.

దెబ్బ తినే ఆ పలకల వరసను టార్గెట్ అంటారు. పలకలు లావుగా ఉంటే వేడిని ఓర్చుకుంటాయి కానీ, పుట్టిన రేణువులను తామే మింగేస్తాయి. సన్నగా ఉంటే రేణువులు బయటపడతాయి, పలకలు పగిలిపోతాయి. అందుకని వాటిని సన్నగానే ఉంచి, పై అంచు వెంట ఒక లోహపు గొట్టం అతికించి, అందులో నీళ్లు పారించి చల్లబరిచేలా నా పీహెచ్‌డీ గైడైన మా సార్ డిజైన్ చేశారు. అది పనిచేస్తుందని లెక్కలో చూపించాలి. అంత లెక్క చేసే కంప్యూటర్ మా దగ్గర లేదు. మాదాపూర్‌లో సార్ పాత విద్యార్థి ఒకాయన పెట్టిన కంపెనీలో ఉంది. శుక్రవారం దాకా వాడుకోమన్నాడాయన. సార్‌కు పరీక్ష పేపర్లు దిద్దే డ్యూటీ పడింది. నన్ను పంపారు.

శుక్రవారం సాయంత్రం ఆ ప్రయోగశాలవాళ్లు ఫోన్‌లో సమీక్ష చేస్తారు. టార్గెట్ నిలబడుతుందని వాళ్లకు నమ్మకం కుదిరితే పని మా దగ్గరే ఉంటుంది. కుదరకపోతే ఇంకో దేశంలో ఇంకో బృందానికి పోతుంది. దాంతోపాటు నా ఫెలోషిప్పూ, నా పీహెచ్‌డీ పోతాయి. అవి పోతే మా ఇంట్లో నా గురించి వేరే ఆలోచనలు, ఓ పెళ్లికొడుకు ఫొటో ఉన్నాయి.

గుంతకల్లు నుంచి లింగంపల్లి

గుంతకల్లులో రైలెక్కేముందు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. బొరుగులను నీళ్లలో తడిపి తిరగమోత పెట్టిన ఈ పదార్థం మా వైపు దాటితే దొరకదు. దొరకదని మిగతావాళ్లు బాధపడుతున్నట్టు కూడా ఎక్కడా కనిపించదు.

రైల్లో చదువుకుందామని ఓ నవల తెచ్చుకున్నాను. దానికి వార్తాపత్రిక అట్ట వేశాను, ఎవరూ ఏం చదువుతున్నావని అడగకుండా. తాండూరులో ఎక్కి ఎదుట కూర్చున్న ఒక పెద్దావిడ అట్ట మీది వార్త చదివించుకుంది. తర్వాత నన్ను చదివింది.

"ఏడికి పోతున్నవ్ బిడ్డా?"

"మాదాపూర్."

"కొల్వు జేస్తవా?"

"లేదండి. పెన్సిల్లో ముల్లు ఉంటుంది కదా, అలాంటిది ఒకటి బాగా కాలిపోతోంది. దాన్ని చల్లార్చాలి."

"గదెందుకు గాల్తది?"

"కొడతారు."

"ఎవలు?"

"సైంటిస్టులు."

"మల్ల కొట్టుడెందుకు, సల్లార్సుడెందుకు?"

మా సెమినార్లలో ఈ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఆమె మూట విప్పి, జొన్నరొట్టె సగం తుంచి, వెల్లుల్లి కారం రాసి నా చేతిలో పెట్టింది. మా రొట్టె కన్నా మందం. కారం మాత్రం మాదే ఎక్కువ. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

లింగంపల్లి స్టేషన్‌కు మా పిన్ని భర్త, అంటే మా బాబాయి, స్కూటర్ తెచ్చాడు. ప్రొద్దుటూరులో నూనె వ్యాపారం వదిలేసి వచ్చి, ఇక్కడ ప్లాట్లు అమ్మిస్తున్నాడు. వాళ్ల కాలనీలో సగం మంది మా సీమవాళ్లు, సగం మంది కోస్తావాళ్లు. రెండు సగాలూ ఒకరి పచ్చళ్లు ఒకరు తెప్పించుకుని, తలుపు వేసుకున్నాక వంకలు పెడతారు. మా ఊళ్లో కొత్తవాళ్లు కనిపిస్తే ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడుగుతారు. ఇక్కడ "సొంతిల్లా, కిరాయా?" అని అడుగుతారు. నేను చుట్టాన్నని చెబితే, మా పిన్ని వాళ్లది కిరాయా అని అడిగారు.

మాదాపూర్

లింగంపల్లి నుంచి మాదాపూర్‌కు షేర్ ఆటో. ఏడుగురు పట్టే ఆటోలో నేను ఎక్కేసరికి పదిమంది ఉన్నారు. కొండాపూర్, కొత్తగూడ దాటేదాకా రెండు వైపులా బండరాళ్లు. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చి, మళ్లీ వచ్చి సరిచేస్తామని వెళ్లిపోయినట్టు ఉంటాయి. ఆ రాళ్ల వెనక నుంచి ఉన్నట్టుండి గుండ్రటి అద్దాల భవనం లేచింది. దాన్ని చూస్తూ ఉండగా నేను దిగాల్సిన సందు దాటిపోయింది. "ఆపండి" అన్నాను. ఆటో ఆగలేదు. ఇంకోసారి అనడం బాగుండదనిపించి ఊరుకున్నాను.

ఆఖరి స్టాపులో అందరూ దిగాక డ్రైవర్ వెనక్కి తిరిగాడు.

"ఏమ్మా, నువ్వేడ దిగాలె?"

"వెనక. దాటిపోయింది."

"దాటినప్పుడు చెప్పాలె గద!"

"చెప్పాను."

"ఎవలికి?"

నిజమే. నా పక్కన కూర్చున్నాయన మోచేతికి చెప్పాను.

"జర గట్టిగ చెప్పాలె తల్లీ. ఈ ఇంజను సప్పుడుల నా పెండ్లాం అరిసినా నాకు ఇనపడది. అందుకె ఈ బండి కొన్న," అన్నాడు. తిరుగు ట్రిప్పులో నన్ను ముందు సీట్లో తన పక్కనే కూర్చోబెట్టుకుని, సందు రాగానే నా తరఫున తానే "ఆపాలె!" అని అరిచి, ఆపాడు. తిరుగు ట్రిప్పుకు మూడు రూపాయలు ఇవ్వబోతే వద్దన్నాడు.

కంపెనీ ఒక డాక్టరుగారి ఇంటి పైఅంతస్తులో ఉంది. చెప్పులు మెట్ల దగ్గర వదలాలి. కంప్యూటర్లకు దుమ్ము పడదట. లోపల చలి ఎంతంటే, అక్కడ పనిచేసేవాళ్లు అక్టోబర్ ఎండలో స్వెట్టర్లు చంకన పెట్టుకుని వస్తారు. దసరా అయి ఎక్కువ రోజులు కాలేదు. ప్రతి కంప్యూటర్‌కూ ఆయుధపూజ నాటి బంతిపూల దండ వాడి వేలాడుతోంది. మానిటర్ల మీద, ప్రింటర్ మీద, ఫ్యాక్స్ మెషిన్ మీద పసుపు, కుంకుమ.

నాకు పని చూపించాల్సిన ఇంజనీరు ప్రసాద్ గారు. తణుకు ఆయన. ఇన్నాళ్లూ బాయిలర్లకు ఇలాంటి లెక్కలు చేశారు. మా టార్గెట్ డ్రాయింగు అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇంతేనాండీ? అరచేతిలో పట్టేటట్టుందే! మా బాయిలర్లో మనిషి దూరొచ్చండి."

"దీని మీద పడే వేడి ఎక్కువండి."

"పడనివ్వండి, మనకేం. కంప్యూటర్‌కి కాలదు కదండీ."

ఆ రోజంతా పలకల కొలతలు, గొట్టం కొలతలు, నీళ్ల వేగం, ప్రోటాన్ ధార ఏ పలకలో ఎంత వేడి వదులుతుందో అన్నీ ఎక్కించాం. మధ్యాహ్నం పక్క సందులో ఆంధ్రా మెస్‌కు తీసుకెళ్లారు. అడిగినా అడక్కపోయినా కందిపొడి, నెయ్యి, గోంగూర వడ్డిస్తారు. నేను అడగలేదు కాబట్టి ఈ పద్ధతి నాకు బాగా నచ్చింది.

మళ్లీ మాదాపూర్, బుధవారం

లెక్క మధ్యాహ్నానికి పూర్తయింది. తెర మీద మా టార్గెట్ బొమ్మ వచ్చింది. వేడి ఎక్కువున్న చోట ఎరుపు, తక్కువున్న చోట నీలం. మొత్తం నీలంగా ఉంది. పలకలు నీలం, అతుకు నీలం, గొట్టం నీలం. వెనక బల్లల వాళ్లు కూడా లేచి వచ్చి చూశారు.

ఒక్కచోట మాత్రం, గొట్టం లోపలి గోడ మీద, చిన్న ఎర్ర చుక్క ఉంది.

తెర మీద మౌస్‌తో ఎక్కడ నొక్కితే అక్కడి వేడి ఎంతో కింద మూలన అంకెలో కనిపిస్తుందని ప్రసాద్ గారే నేర్పారు. చుక్క మీద నొక్కాను. 243 అని వచ్చింది.

"ప్రసాద్ గారూ, ఇక్కడ ఎర్రగా ఉంది."

ఆయన కళ్లజోడు సర్దుకుని వంగి చూశారు. వెంటనే నవ్వడం మొదలుపెట్టారు.

"అది బొట్టండీ బాబూ! ఆయుధపూజకి పంతులుగారు పెట్టింది."

మౌస్ పట్టుకుని బొమ్మను పక్కకు జరిపారు. టార్గెట్ జరిగింది. చుక్క జరగలేదు.

"తుడిచేయొచ్చు కదండీ," అన్నాను.

"అమ్మో, తుడవకూడదండి. దానంతటదే పోవాలి. కిందటేడు తుడిస్తే హార్డ్ డిస్కు పోయింది."

"తుడిచింది ఆయనే," అన్నారు వెనక బల్ల నుంచి ఎవరో. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. 243 సంగతి అడుగుదామనుకున్నాను కానీ, బొట్టును చూసి భయపడ్డ మనిషి అదే గంటలో ఇంకో అనుమానం బయటపెట్టడం బాగుండదనిపించింది.

ప్రసాద్ గారు బొమ్మను మా సార్‌కు ఈమెయిల్ చేశారు. సాయంత్రం ఎస్టీడీ బూత్ నుంచి సార్‌కు ఫోన్ చేశాను. ఆయన గొంతు నేనెప్పుడూ విననంత సంతోషంగా ఉంది.

"చూసినానమ్మా, ఒకటే నీలం! వాళ్లకు పంపిచ్చేసినా కూడా. రెండేండ్ల కష్టం. శుక్రవారం నాకు వ్యాల్యుయేషన్ హాల్లో ఫోన్ అందదు. ప్రసాద్‌నే మాట్లాడమన్యా. నువ్వు ఊరికే కూచో చాలు."

ఊరికే కూర్చోవడం నాకు వచ్చిన పని. అయినా తిరుగు ఆటోలో ఆ అంకె నన్ను వదల్లేదు. అది గ్రాఫైట్‌ది అయితే భయం లేదు, గ్రాఫైట్ అంతకు పదింతలు ఓర్చుకుంటుంది. కానీ నేను నొక్కింది గొట్టం లోపలి గోడ మీద. నీళ్లు తగిలే గోడ. ఒకవేళ చేయి వణికి పక్కన నొక్కానేమో. చేయి వణికిందనే నమ్ముదామని లింగంపల్లి దాకా ప్రయత్నించాను.

పుప్పాలగూడ

గురువారం మాదాపూర్‌లో లైను మరమ్మతు, పొద్దంతా కరెంటు ఉండదన్నారు. ఆఫీసుకు సెలవు. బాబాయి దీన్ని నాకు దొరికిన అదృష్టంగా భావించి, తన లేఅవుట్ చూపిస్తానని స్కూటర్ ఎక్కించాడు. "తినకుండా ఎట్ల పోతావే," అని పిన్ని మొదట రాగిసంగటి, తర్వాత దారికి మళ్లీ చిత్రాన్నం పెట్టింది.

పుప్పాలగూడ చిన్న ఊరు. ఇళ్ల మధ్య గేదెలు, గేదెల మధ్య ప్లాట్ల బోర్డులు. ఊరు దాటాక బాబాయి మట్టిబాట పట్టి, తుమ్మచెట్లు దాటించి, ఓ పల్లంలో స్కూటర్ ఆపాడు. సున్నం వేసిన హద్దురాళ్లు దూరంగా గట్టు మీద వరసగా కనబడుతున్నాయి. జేబులోంచి రంగుల కాగితం తీసి విప్పాడు. అందులో ప్లాట్లు పసుపుపచ్చ, రోడ్లు తెలుపు, ఒక పక్కన పెద్ద నీలం ముద్ద.

"లేక్ వ్యూ పాపా. ఈ ప్లాట్లకు ఇంకో రేటు."

"లేక్ ఎక్కడ బాబాయీ?"

"నువ్వు నిలబడిండేది దాంట్లోనే."

కిందికి చూశాను. పగుళ్లిచ్చిన మట్టి. కాస్త దూరంలో మేకలు ఏదో ఏరుకుని తింటున్నాయి.

"నీళ్లు లేవే?"

"వానలు పడితే వస్తాయిలే."

"కాగితంలో నీలంగా ఉందే."

"చెరువుకు నీలం కాకుంటే ఏం రంగేస్తారు? మన్ను రంగేస్తే ఎవుడన్నా కొంటాడా?"

"ఎవరు వేశారు బాబాయీ ఆ రంగు?"

నేను సాధారణంగా వరసగా మూడు ప్రశ్నలు వేయను. బాబాయి నా వైపు కాస్త ఆశగా చూశాడు, కొంటానేమోనని.

"నేనే చెప్పి ఏపిచ్చినా. ప్రెస్సోడు లేత పచ్చ ఏస్తానన్యాడు. నీలమే ఉండాలంటి. చెరువు ఉండాదా లేదా అనేది వాన చూసుకుంటాది. రంగు మనం చూసుకోవల్ల."

తప్పు చెబుతున్నట్టు ఆయన ముఖంలో ఎక్కడా లేదు. నాకు మాత్రం ఆ ఎండలో ఏసీ గదిలో లాగా చలేసింది. బొమ్మలో నీలం అంటే ఎన్ని డిగ్రీలో నాకు తెలియదు. నేను అడగలేదు. బొమ్మ పక్కన రంగుల కొలబద్ద ఉండాలి. బుధవారం చూసిన తెర మీద అది లేదు.

నానక్‌రామ్‌గూడ

తిరిగి వస్తుంటే నానక్‌రామ్‌గూడ దగ్గర స్కూటర్ పంక్చరయింది. బాబాయి దాన్ని తోసుకుంటూ మరమ్మతుకు పోయాడు. నన్ను రోడ్డు పక్కన సీతాఫలాలు అమ్మే ముసలమ్మ దగ్గర నీడలో నిలబెట్టాడు. సీతాఫలాలు మా కొండల్లోనూ కాస్తాయి. మా వైపు ఎవరో ఒకరు కోసుకొచ్చి ఇస్తారు. కొనడం నాకు ఇదే మొదలు. బుట్ట ఇరవై అంది. బేరమాడటం రాక ఇరవై ఇచ్చాను. ఆమెకు అనుమానం వచ్చి ఇంకో రెండు కాయలు వేసింది.

"నువ్వు గుడ ప్లాట్ కొంటానికొచ్చినవా?"

"లేదు. చూడ్డానికి."

"ఏం జూస్తవ్, రాళ్లు," అంది. తర్వాత రోడ్డు అవతలి బీడు చూపించింది. "గది మాదే ఉండె. అమ్మినం. నా కొడుకు జీపు కొన్నడు. మీ స్కూటర్ సేటు లెక్కనే తిరుగుతడు ఇగ, పొద్దంత."

"ఇప్పుడు బాగుందా అవ్వా?"

"జీపు మంచిగనే ఉన్నది," అంది.

కాయలు బియ్యంలో పెడితే పండుతాయని చెప్పింది. పిన్ని ఇంట్లో పెట్టాం. కొన్ని పండాయి.

శుక్రవారం

పొద్దున్నే ప్రసాద్ గారి బల్ల దగ్గర నిలబడ్డాను. ఆయన చూసేదాకా నిలబడ్డాను.

"ప్రసాద్ గారూ, ఆ నీలానికి ఎన్ని డిగ్రీలండి?"

"ఏ నీలమండి?"

"మన బొమ్మలో. రంగుల కొలబద్ద లేదు."

"అదాండీ. అది తీసేస్తామండి. పక్కన అంకెలుంటే క్లయింటు అన్నీ చదువుతాడు. చదివితే ప్రశ్నలడుగుతాడు." కొలబద్దను మళ్లీ తెర మీదికి తెచ్చారు. అది సున్నా దగ్గర మొదలై, 3600 దగ్గర ఎరుపుతో ముగిసింది.

"ఇంత ఎక్కువెందుకండీ?"

"మా దగ్గర పద్ధతండి ఇది. ఓసారి బాయిలర్ బొమ్మలో అరవై డిగ్రీలకే ఎరుపు వచ్చింది. కంప్యూటర్‌కి తెలీదు కదండీ, ఉన్నదాంట్లో ఎక్కువైనదానికి ఎరుపేసేస్తుంది. ఆ ఎరుపు చూసి క్లయింటు హడలిపోయి పారిపోయాడు. అప్పట్నుంచీ వస్తువు ఏ వేడికి పాడవుతుందో దాన్నే ఎరుపు కింద పెడుతున్నాం. మీ గ్రాఫైట్ మూడువేల ఆరువందల దాకా చెక్కుచెదరదు కదండీ."

పద్ధతిలో తప్పేమీ లేదు. వస్తువంతా గ్రాఫైటే అయితే.

"గొట్టం గ్రాఫైట్ కాదండి," అన్నాను.

ఆయన మౌస్ నాకు వదిలారు. నేను వంగి, గొట్టం లోపలి గోడ మీద నాలుగు చోట్ల నొక్కాను. 239. 243. 246. 241. చేయి వణకలేదు. మా గొట్టంలో నీళ్ల మీద పెద్ద ఒత్తిడేమీ ఉండదు. అంత వేడి గోడకు తగిలితే అవి ఆవిరైపోతాయి. ఆవిరి వేడిని మోయలేదు. గోడ ఇంకా కాలుతుంది, అతుకు కరుగుతుంది, పలకలు ఊడి పడతాయి. ప్రోటాన్లు వస్తూనే ఉంటాయి. మూడువేల ఆరువందల కొలబద్దలో ఇదంతా చక్కటి నీలం.

ప్రసాద్ గారు కొలబద్దను నూరు డిగ్రీలకు దించారు. టార్గెట్ మొత్తం ఒక్కసారిగా ఎర్రబడింది. బొట్టు అందులో కలిసిపోయి కనిపించడం మానేసింది.

"అయ్యబాబోయ్," అన్నారాయన మెల్లగా.

సార్‌కు ఫోన్ చేశాను. ఫోనెత్తినవాళ్లు, హాల్లోకి కబురు పంపరట, ఆరు తర్వాత చేయమన్నారు. సమీక్ష ఐదింటికి.

ప్రసాద్ గారు కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించారు. "ఓ మాట చెబుతానండి, ఏమీ అనుకోకండి. ఇవాళ ఓకే అనేద్దాం. ఇప్పుడు ఎరుపు చూపిస్తే ప్రాజెక్టు పోతుందండి. మీ సార్ పరువు పోతుంది. ముందు పని మన దగ్గర ఉండనివ్వండి, తర్వాత నిదానంగా మార్చుకోవచ్చు. అందరూ చేసేదే ఇది."

ఆయన నా మంచికే చెబుతున్నారు. అదే ఇబ్బంది. నేను మాట్లాడకుండా కూర్చుంటే చాలు, అంతా జరిగిపోతుంది. సార్ చెప్పింది కూడా అదే. నా జీవితంలో నన్ను ఎవరైనా ఇంత తేలికైన పని అడిగిన సందర్భం ఇంకోటి లేదు.

భోజనానికి వెళ్లలేదు. కాగితం తీసుకుని చేతిలెక్క మొదలుపెట్టాను. పలకల పై అంచుకు గొట్టం ఉంది. కింది అంచుకు ఏమీ లేదు. అక్కడ ఇంకో గొట్టం అతికిస్తే వేడి రెండు వైపులకు పోతుంది, ఒక్కో గోడ మీద భారం సగమవుతుంది. సగం చాలదు. నీళ్ల వేగం కూడా పెంచితే గోడ నూరుకు దిగువకు రావచ్చు. కంప్యూటర్‌లో మళ్లీ ఎక్కించాం కానీ, ఆ లెక్క రాత్రికి గానీ తేలదని ప్రసాద్ గారు అన్నారు. ఆయనా భోజనానికి వెళ్లలేదు. మెస్ నుంచి పొట్లం తెప్పించి నా పక్కన పెట్టారు. అందులో గోంగూర ఉంది.

ఐదింటికి ఫోన్ మోగింది. చేత్తో పట్టుకోనక్కర్లేకుండా గదంతా వినబడే ఫోన్ అది. అవతల ముగ్గురో నలుగురో ఉన్నారు. ఓ పెద్దాయన గొంతు, బొమ్మలు అందాయని, చాలా బాగున్నాయని చెప్పింది. ఇంగ్లీషు ఆయన సొంత భాష కాదు. నాదీ కాదు. చేర్చాల్సిందేమైనా ఉందా అని అడిగింది ఆ గొంతు.

ప్రసాద్ గారు నా వైపు చూశారు. నేను మాట్లాడాను.

"వినబడటం లేదు," అంది గొంతు.

కుర్చీ దగ్గరికి జరుపుకుని మళ్లీ చెప్పాను. "గొట్టం లోపలి గోడ రెండువందల నలభైమూడు డిగ్రీలుంది. ఒక గొట్టం చాలదు, కింది అంచుకు ఇంకోటి కావాలి."

అవతల ఎవరో కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడు.

"బొమ్మలో నీలంగా ఉంది కదా?"

"ఆ రంగు మేం వేసింది."

వాళ్లు తమ భాషలో చాలాసేపు మాట్లాడుకున్నారు. ప్రసాద్ గారు రుమాలు తీసి, ఆ చలిలో, మెడ తుడుచుకున్నారు. తర్వాత గొంతు మళ్లీ వచ్చింది. రెండో గొట్టం పుట్టిన రేణువులకు అడ్డం రాదా?

"వస్తుంది. కొన్నిటిని మింగుతుంది. ఎన్నిటినో నాకింకా తెలియదు."

మళ్లీ వాళ్ల భాష. చివరికి పెద్దాయన, సమీక్ష ఇవాళ్టితో ముగించడం లేదని, నెలరోజుల్లో రెండు గొట్టాల లెక్క పంపాలని, ఆ తర్వాతే పని ఎవరికో నిర్ణయిస్తామని చెప్పారు. బొమ్మ పంపితే కొలబద్దతో పంపమన్నారు. ఫోన్ ఆగిపోయింది.

"మీరు మాట్లాడతారేంటండీ!" అన్నారు ప్రసాద్ గారు.

ఆరు దాటాక ఎస్టీడీ బూత్ నుంచి సార్‌కు చేశాను. మొత్తం చెప్పాను. బూత్ అద్దం మీద ఎర్ర అంకెలు నిమిషాలు పెంచుకుంటూ పోతున్నాయి.

"వాళ్లకు నువ్వే చెప్తివా?"

"నేనే సార్."

"ఇంగ్లీషులోనే?"

"ఇంగ్లీషులోనే సార్."

"గట్టిగా?"

"రెండోసారి గట్టిగా సార్."

"సరే. ఊరికి రా," అన్నారు. కోపమో కాదో ఆ మాటలో తేలలేదు. శనివారం రైల్లో నవల అట్ట కూడా విప్పలేదు.

అనంతపురం

సోమవారం డిపార్ట్‌మెంటుకు వెళ్లాను. సార్ గదిలో ఒక నల్లబోర్డు ఉంది. దాని మీద ఆయన గీసిన టార్గెట్ రెండేళ్లుగా అలాగే ఉంది. పలకల వరస, పైన ఒక గొట్టం, పక్కన ఆయన చేతిరాతలో పెద్దగా 'చెరపరాదు' అని. గది ఊడ్చే ఆవిడ కూడా బోర్డు దగ్గరికి రాగానే చేతులు వెనక్కి పెట్టుకుంటుంది.

నా చేతిలెక్క కాగితం ఆయనకిచ్చాను. ఎరుపు సిరా పెన్ను తీసి, పరీక్ష పేపర్ దిద్దినట్టే ఒక్కో వరసా దిద్దుకుంటూ పోయారు. ఒకచోట ఆగారు. అక్కడ ఒక సున్నా సరిచేసి ముందుకెళ్లారు. అంతా అయ్యాక పెన్ను మూత పెట్టారు.

"నా గొట్టానికి రెండేండ్లు పట్టింది. నీ గొట్టానికి ఎంతసేపు పట్టింది?"

"మధ్యాహ్నం భోజనం మానేసినా సార్."

ఆయన లేచి, బల్ల మీద నుంచి సుద్దముక్క తీసి నా చేతికిచ్చారు. బోర్డు వైపు చూపించారు.

పలకల కింది అంచు వెంట రెండో గొట్టం గీశాను. సగం దాకా తిన్నగానే వచ్చింది. తర్వాత చేయి వంకర పోయింది. సరిచేద్దామని డస్టర్ అందుకోబోయాను.

"చెరపరాదని రాసుండేది కనపడలేదా?" అన్నారు సార్.